బండి మీద ముగ్గురు

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదయింది. తెలిసిన మనిషికైతే ఈ మాట చెప్పలేకపోయేదాన్ని. పదకొండేళ్లుగా చెప్పలేకపోయాను.

పదకొండేళ్లుగా ఒక బరువు నాతోపాటు లేస్తోంది, నాతోపాటు తింటోంది. నేను పనిలో మునిగినప్పుడు కొంచెం తగ్గుతుంది. ఎవరైనా నన్ను మెచ్చుకుంటే మాత్రం ఒక్కసారిగా మీద పడుతుంది. కామారెడ్డిలో, ఎల్లారెడ్డిలో నాకు మంచిదాన్నని పేరుంది. నమ్మకస్తురాలినని, నోరు జారని మనిషినని అంటారు. ఆ మాటకు నేను తగను. ఎందుకంటే నేను ఒక సంసారాన్ని విడగొట్టాను. నిలదొక్కుకుంటున్న ఒక ఆడమనిషిని, ఆమె పారిపోయి వచ్చిన ఇంటికే మళ్లీ తోలేశాను. ఇంకొకటి కూడా ఉంది. అది ఇప్పుడే రాస్తే నా చెయ్యి ఇక్కడే ఆగిపోతుంది. తర్వాత రాస్తాను.

ఇదంతా నేను ఎలా చేశాను? అరవలేదు. కొట్లాడలేదు. చివరి రోజు దాకా ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. నిజాల్లోంచి నాకు పనికొచ్చే ముక్కలు మాత్రం తీసి ఒక మనిషి చేతిలో పెట్టాను. మిగతాది ఆమే కుట్టుకుంది.

పేర్లు మార్చి రాస్తున్నాను. ఊళ్లు మార్చలేదు.

సులోచనక్కకు కామారెడ్డిలో ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణం ఉంది. నేను ఆమె దగ్గర చేరిన రోజున నాకు హుక్కులు కుట్టడం, చీరలకు ఫాల్స్ వేయడం తప్ప ఏమీ రాదు. మా అమ్మ ఎల్లారెడ్డిలో బీడీలు చుట్టేది. నా వేళ్లకు కూడా అదే పని రాసిపెట్టి ఉందనుకున్నాను. సులోచనక్క నాకు కత్తెర పట్టడం నేర్పింది. కటింగ్ నేర్పింది. తొమ్మిదేళ్లు ఆమె పక్క మిషన్ మీద కూర్చున్నాను. సొంత అక్కకంటే ఎక్కువగా చూసింది నన్ను. ఇది రాస్తుంటే సిగ్గేస్తోంది, అయినా రాయాలి. ఆమె నాకు చెడు చేసి ఉంటే ఈ కథ ఇంత నీచంగా ఉండేది కాదు.

అక్క భర్త నర్సింలును బావా అని పిలిచేదాన్ని. ఆయన మాట తక్కువ మనిషి. గుడ్డల మూటలు మోపెడ్ మీద తేవడం, కుట్టిన బట్టలు ఇళ్లకు చేర్చడం, మిషన్లకు నూనె వేయడం ఆయన పని. వాళ్లకు పిల్లలు లేరు. ఆ సంగతి అక్క నోటి నుంచి ఎప్పుడూ వచ్చేది కాదు. కానీ కడుపుతో ఉన్న ఆడపిల్ల జాకెట్ కొలతకు వస్తే, టేపు నా చేతికిచ్చి ఏదో పనున్నట్టు లోపలికి పోయేది. తొమ్మిదేళ్లలో నేను ఇది ఎన్నిసార్లు చూశానో. ఆమెకు ఎక్కడ నొప్పో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

రజిత తర్వాత వచ్చింది. మహమ్మద్‌నగర్ దగ్గర ఒక ఊళ్లో కాపురం. మొగుడు తాగి కొడితే తట్టుకోలేక, నాలుగేళ్ల పాపను చంకనేసుకుని కామారెడ్డి బస్సెక్కింది. పాపను నవ్య అందాం. పని నేర్పమని అక్క రజితను నాకే అప్పగించింది. నేర్పాను. మనసుపెట్టి నేర్పాను, నిజం. ఆమె చెయ్యి నాకంటే సాఫుగా ఉందని రెండో నెలలోనే నాకు అర్థమైంది. అప్పుడు నాకేమనిపించింది? ఏమీ అనిపించలేదని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను.

ఒక మధ్యాహ్నం అక్క అన్నం తినడానికి ఇంటికి పోయింది. వెనక గదిలో ఆడుకుంటున్న నవ్య దభీమని పడింది. వెళ్లి చూస్తే కళ్లు తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకుంటోంది. నోట్లోంచి నురగ. నేనే పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టి పట్టుకున్నాను. కాసేపటికి తగ్గింది. రజిత నా కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది.

"అక్కా, ఎవ్వలకు చెప్పకు. ఫిట్స్ ఉన్న పిల్ల అని తెలిస్తె బడిల ఎవ్వలు పక్కకు కూసోనియ్యరు. సులోచనక్కకు గూడ చెప్పకు. ఆమె మనసు మంచిదే గని, వచ్చినోల్లందరితోని మాట్లాడుతది. ఊరంతా అయితది."

"చెప్ప," అన్నాను. పాప తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను.

ఆ ఒట్టును నేను చాలా జాగ్రత్తగా నిలబెట్టుకున్నాను. అది ఎందుకు రాస్తున్నానో మీకే తెలుస్తుంది.

రెండేళ్లు గడిచాక అక్క ఎల్లారెడ్డిలో రెండో దుకాణం తెరవాలనుకుంది. ఆ కుర్చీ నాదేనని నేను తేల్చుకున్నాను. నా పుట్టిన ఊరు. మా అమ్మకు చెప్పేశాను. మా వాడకట్టుకంతా చెప్పేశాను. "అవ్వా, ఇగ దినాం నీ చేతి బువ్వనే తింట" అన్నాను. మా అమ్మ చాటలో ఆకు పక్కన పెట్టి నా తల నిమిరింది.

అక్క రజితను పంపింది.

"నువ్వు నా కుడిచెయ్యివి. నిన్ను పంపి నేనేం జెయ్యాలె ఈడ?" అంది నాతో. ఆమె మాటలో కపటం లేదు. నన్ను వదులుకోలేకనే రజితను పంపింది. ఇవాళ అర్థమవుతోంది. ఆ రోజు కూడా అర్థమైందేమో, అర్థం కావడం నాకు ఇష్టం లేకపోయిందేమో. ఆ ఆదివారం మా అమ్మ దగ్గరికి పోతే పక్కింటావిడ అడిగింది, "ఏమైందే నీ దుకాణం?" అని. నేను నవ్వాను. ఆ నవ్వు అక్కడే, నా ముఖం మీదే గడ్డకట్టినట్టయింది. కోపం అక్క మీదా, రజిత మీదా? ఇప్పటికీ తేల్చుకోలేను. బహుశా వాళ్లిద్దరూ ఒకరినొకరు నమ్మిన తీరు మీద. నా వంతు నమ్మకంలోంచి ఎవరో ఒక ముక్క తీసి ఇంకొకరికి ఇచ్చినట్టు అనిపించింది.

వారానికి మూడు రోజులు బావ కత్తిరించిన గుడ్డలు మోపెడ్ మీద ఎల్లారెడ్డికి తీసుకుపోయేవాడు. అలా పోయిన ఒక రోజు ఆయన ముందే నవ్యకు ఫిట్స్ వచ్చింది. ఆయనే పాపను ఎత్తుకుని బాన్సువాడలో డాక్టరుకు చూపించాడు. అప్పటి నుంచి నెలకోసారి తల్లినీ పిల్లనూ బండి మీద తీసుకుపోవడం, నెలకు సరిపడా గోలీలు ఇప్పించడం ఆయనకు అలవాటైంది. రజిత ఆయన దగ్గర కూడా ఒట్టు వేయించుకుంది. ఇదంతా నాకు ఎలా తెలుసంటారా? రజితే ఫోన్ చేసి చెప్పింది. నాకు కాక ఇంకెవరికి చెప్పుకుంటుంది? "నర్సింలన్న అసొంటోడు మా ఇంట్ల ఒక్కడున్నా నా బతుకు గిట్ల గాకపోవు అక్కా," అంది. పాప ఇప్పుడు పడిపోవడం లేదని, బడికి పోతోందని సంతోషంగా చెప్పింది.

నేను విన్నాను. విని, మనసులో దాచుకున్నాను. అప్పటికి ఎందుకు దాచుకుంటున్నానో నాకే తెలియదు. నిజంగా తెలియదా? ఏమో.

మొదట అన్న మాట చాలా చిన్నది. "అక్కా, ఎల్లారెడ్డి పోయొచ్చిన్నాడు బావ మంచిగ హుషారుంటడు గదా." అంతే. అక్క నవ్వి ఊరుకుంది. రెండు మూడు రోజుల తర్వాత, బావ బండికి మూట కడుతుంటే, అక్క చెయ్యి కత్తెర మీద ఆగి ఆయన వైపు చూడటం నేను చూశాను. నా గుండె గట్టిగా కొట్టుకుంది. భయమా అది? కాదు. ఒక మనిషి మనసు నా మాటకు కదిలింది. అంత బలం నాలో ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. దాన్ని మళ్లీ చూడాలనిపించింది. ఈ వాక్యం రాయడానికి చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను.

ఒక రోజు దుకాణానికి వచ్చిన ఒకావిడ మాటల్లో అంది, "మీ నర్సింలన్న బాన్సువాడ రోడ్డు మీద కనవడ్డడు. రజిత ఎన్క కూసున్నది, పిల్లను నడుమ కూసుండవెట్టుకున్నరు" అని. అక్క అప్పుడు లేదు. ఆవిడ వెళ్లిపోయాక నేను మిషన్ తొక్కడం ఆపేసి కూర్చున్నాను. అక్క వచ్చి అడిగింది. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఏమైందే? గట్ల కూసున్నవేంది?"

"ఏం లేదక్కా."

"ఏం లేకుంటె ముఖం ఎందుకు మాడ్చినవ్?"

"నా నోటితోని అనిపియ్యకు. ఆయన మంచోడు. నాకు బావ అంటె పానం."

"ఆయనకేమైంది? చెప్తవా చెప్పవా?"

"బాన్సువాడ రోడ్డు మీద బావ బండెక్కి రజిత పోవుడు జూసిండ్రట."

అక్క టేపు తీసి మెడలో వేసుకుంది. "ఏదన్న పనుండి పోయిండ్రేమొ" అంది.

"అంతే అయ్యుంటదక్కా. నేను గూడ గదే అనుకున్న. కని నీకొక మాట చెప్పి పోవచ్చు గదా." కొంచెం ఆగి, గొంతు తగ్గించి అన్నాను. "పిల్లలు లేని మనిషాయె. ఆ పిల్లను జూస్తె బావకు పానం గుంజుతదేమొ."

ఆమెకు ఎక్కడ నొప్పో నాకు తెలుసని రాశాను కదా. అక్కడే వేలు పెట్టాను.

చూశారా, ఒక్క అబద్ధం లేదు. బండి మీద ముగ్గురు ఉన్నారు. నేను ఇద్దరినే చెప్పాను. తల్లికీ బావకూ మధ్య కూర్చున్న పాపను నా మాటలోంచి దింపేశాను. పాప ఉందంటే దవాఖాన గుర్తొస్తుంది, బడి గుర్తొస్తుంది, నూరు కారణాలు గుర్తొస్తాయి. పాప లేకపోతే ఒకటే కారణం మిగులుతుంది. ఇంత లెక్క ఆ క్షణంలో నా బుర్రలోకి ఎలా వచ్చింది? ఎవరు నేర్పారు నాకు? "ఒట్టు వేశాను కదా, పాప సంగతి ఎలా చెప్పను" అని అప్పుడు నాకు నేనే చెప్పుకున్నాను. ఒక చిన్నపిల్ల తల మీద వేసిన ఒట్టు వెనక దాక్కున్నాను.

ఆ తర్వాత అక్క మారిపోయింది. కటింగ్‌లో తప్పులు చేయసాగింది. బావ ఎప్పుడు పోయాడు, ఎప్పుడు వచ్చాడు అని గోడ గడియారం చూసేది. నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగేది, "ఇంకేమన్న విన్నవా?" అని. నేను తల అడ్డంగా ఊపి కళ్లు దించుకునేదాన్ని. కళ్లు దించుకోవడం చాలు. బావతో మాత్రం ఆమె ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే? అడగనివ్వకుండా నేనే ఆపాను. "ఇప్పుడే అడుగకక్కా. నిజం గాకపోతె మనిషి మనసు ఇరుగుతది" అన్నాను. ఎంత మంచిదాన్నో చూడండి.

ఒక పొద్దున బావ గుడ్డల మూట దింపుతుంటే ఆయన చొక్కా జేబు నా కంట పడింది. ఒక పక్క చినిగితే కుట్టి ఉంది. కుట్టు చూడగానే తెలిసింది, రజితది. చివర మూడుసార్లు వెనక్కి తీసి ముడిని లోపల దాచేస్తుంది. నేను నేర్పిన పద్ధతే. పాపకు మళ్లీ ఫిట్స్ వచ్చి ఆయన జేబు పట్టుకుని గుంజి ఉంటుంది. ఈ సంగతి నాకు ఆ క్షణంలోనే తోచింది. అయినా అక్క వినేలా అన్నాను.

"బావా, జేబు శినిగిందా? మంచిగ కుట్టిండ్రు."

అక్క కత్తెర బల్ల మీద పెట్టి దగ్గరికొచ్చింది. జేబు అంచు తిప్పి చూసింది. నలభై రకాల చేతుల కుట్టు చూసిన మనిషి ఆమె. ముఖంలో రక్తం లేదు.

"ఎవ్వలు కుట్టిండ్రు?"

బావ తడబడ్డాడు. రజిత అని చెబితే ఎట్లా చినిగిందో చెప్పాలి. చెబితే పాప సంగతి బయటపడుతుంది. ఆయనకు అల్లి చెప్పడం రాదు. "బజార్ల కుట్టిచ్చిన," అన్నాడు.

ఆ పాపను కాపాడటానికి ఆయన ఆడిన ఒకే ఒక్క అబద్ధం అది. అక్క నా వైపు చూసింది. నేను తల దించి హుక్కు కుట్టుకుంటున్నాను. వేలికి సూది గుచ్చుకుంది. నొప్పి తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే అక్క నన్ను వెంటబెట్టుకుని ఎల్లారెడ్డి బస్సెక్కింది. "నువ్వు నా పక్కకుండాలె" అంది. దారంతా నా చెయ్యి పట్టుకునే ఉంది. తాడ్వాయి దాటింది. ఇప్పుడు చెప్పవచ్చు అనుకున్నాను. పాపకు ఫిట్స్ అక్కా, దవాఖానకు తీసుకపోతుండు, అంతే. రెండు ముక్కలు. లింగంపేట వచ్చింది. బస్సు ఆగింది, జనం దిగారు, ఎక్కారు. నా నోరు తెరుచుకుంది కూడా. అక్క నా వైపు తిరిగి, "ఏందే?" అంది. "దాహమైతుంది" అన్నాను. ఆమె తన సంచిలోంచి నీళ్ల సీసా తీసి మూత తిప్పి ఇచ్చింది. తాగాను.

ఎందుకు చెప్పలేదు? చెబితే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతుంది కాబట్టి. అప్పటికి అది ఒక్కటే కారణం. రజిత మీద కసి ఆ బస్సులోనే చల్లారిపోయింది. నన్ను నేను కాపాడుకోవడం మాత్రమే మిగిలింది. అసూయ కంటే ఈ భయమే ఎక్కువ పాడు చేసిందేమో.

దుకాణంలో నలుగురైదుగురు ఆడవాళ్లు ఉన్నారు. రజిత నవ్వుతూ లేచి నిలబడింది. ఆ రోజు బడి లేదేమో, నవ్య నన్ను చూసి "చిన్నమ్మా" అని పరుగెత్తుకొచ్చి నా కొంగు పట్టుకుంది. అక్క నోట ఏ మాటలు వచ్చాయో రాయను. అంత మర్యాదగల మనిషి నోట అలాంటి మాటలు నేను మళ్లీ వినలేదు. రజిత కుట్టి మడతపెట్టిన జాకెట్లు తీసి రోడ్డు మీదికి విసిరింది. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే జరిగి గోడకు ఆనుకున్నారు. రజిత మొదట ఏమీ అర్థం కాక నిలబడింది. అర్థమయ్యాక ఆమె ముఖం చూడలేకపోయాను.

"సులోచనక్కా, పిల్ల మీద ఒట్టు. పాపకు పానం బాగలేదు. ఫిట్స్ వస్తయి. అన్న దవాఖానకు తీస్కపోయిండు, గంతే." అందరి ముందూ, అన్నేళ్లు దాచుకున్నది చెప్పేసింది. తర్వాత నా వైపు తిరిగింది. "అక్కా, నువ్వు చెప్పు. నీకు ఎరుకె గదా. నువ్వు చెప్తె నమ్ముతది."

అక్క నన్ను అడిగింది. "నీకు ఎరుకనా?"

పాప నా కొంగు పట్టుకునే ఉంది.

"నాకేం ఎరుక లేదక్కా" అన్నాను.

రజిత వచ్చి నా కొంగు నుంచి పాప వేళ్లు ఒక్కొక్కటే విడదీసి ఎత్తుకుంది. సంచిలో రెండు జతల బట్టలు, పాప పలక పెట్టుకుంది. బస్టాండు వైపు నడిచింది. ఆమెకు పోవడానికి ఒకే ఒక చోటు ఉంది. అది నాకు తెలుసు.

బావ ఆ సాయంత్రమే అంతా చెప్పాడట. అక్క నమ్మలేదు. డాక్టరు రాసిన చీటీలు రజిత దగ్గరే ఉండిపోయాయి. "పిల్లను అడ్డం వెట్టుకొని తిరిగిండ్రు. నిజమైతె అంగి సంగతి ఎందుకు దాశిండు? నువ్వు గూడ తెల్వదంటివి గదా" అంది నాతో. నా మాట ముందు ఇరవై ఏళ్లు కాపురం చేసిన మొగుడి మాట నిలబడలేదు. రెండు నెలలు ఆ ఇంట్లో మాటల్లేవు. తర్వాత బావ బోధన్‌లో ఉన్న వాళ్ల చెల్లె దగ్గరికి వెళ్లిపోయాడు. అక్కడ రైస్‌మిల్లులో పనికి కుదిరాడని విన్నాం.

నాకు ఎల్లారెడ్డి దుకాణం వచ్చింది. మా అమ్మ చేతి అన్నం తిన్నాను. పక్కింటావిడ వచ్చి జాకెట్ కుట్టించుకుంది. కోరుకున్నదంతా వచ్చింది.

ఇప్పుడు మొదట్లో ఆపేసింది రాయాలి.

ఏడెనిమిది నెలల తర్వాత, నిజాంసాగర్ వైపు నుంచి ఒకావిడ ఆది జాకెట్ తేవడం మరచిపోయి కొలత ఇవ్వడానికి నిలబడింది. నేను ఆమె భుజం మీద టేపు పెట్టాను. ఆమె మామూలుగా అంది, "మునుపు ఈడ రజిత కుడుతుండె గదా. ఎరుకనా నీకు? పాపం, దాని బిడ్డ కాలువల వడి సచ్చిపాయె. చేతులు కడుక్కుందామని వంగిందట, ఫిట్స్ వచ్చిందట. మోకాలంత నీళ్లు గూడ లెవ్వు. దవాఖానకు తీస్కపోయెటోల్లు లేక గోలీలు బందయినయట."

నేను భుజం కొలత చెప్పాను. పుస్తకంలో రాసుకున్నాను. నడుము కొలిచాను. అదీ రాసుకున్నాను. ఆవిడ వెళ్లాక షట్టర్ సగం దించి లోపల కూర్చున్నాను. ఏడుపు రాలేదు. నా కొంగు వైపు చూసుకున్నాను. ఆ వేళ్లు పట్టుకున్న చోటు నాకు కనబడుతూనే ఉంది.

అప్పుడైనా చెప్పానా? అక్కకు పాప చనిపోయిందని మాత్రం చెప్పాను. ఫిట్స్ మాట ఎత్తలేదు. కాలువలో పడిందట, అన్నాను. మళ్లీ అదే పని, ఒక ముక్క తీసేసి మిగతాది చెప్పడం. అక్క ఏడ్చింది. ఏడ్చి, "తల్లి జేసిన పాపం పిల్లకు కొట్టింది" అంది. నేను తల ఊపాను. ఆ తల ఊపడాన్ని ఏ పేరుతో పిలవాలో నాకు తెలియదు.

రజితను తర్వాత ఒకసారి ఎల్లారెడ్డి బస్టాండులో చూశాను. చిక్కిపోయింది. వేళ్ల కొసలు బీడీ ఆకు పనితో నల్లబడ్డాయి. నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టమని మనసులో వేడుకున్నాను. ఆమె బస్సు వచ్చే వైపు ముఖం తిప్పుకుంది.

ఇన్నేళ్లూ అక్క నన్ను ఇంకా దగ్గర చేసుకుంది. ఒంటరి ఇల్లు కదా, పండుగలకు నన్నే పిలుస్తుంది. "నువ్వు లేకుంటె నేను మోసపోతుంటినే" అని ఎన్నిసార్లు అందో. ఆమె నాకు కృతజ్ఞత చెప్పినప్పుడు నేను పారిపోకుండా కూర్చోవడం నేర్చుకున్నాను. అదీ ఒక పనితనమే.

పోయిన నెల బోధన్ నుంచి కబురొచ్చింది. బావకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయిందట. ఇంటికి వస్తానంటున్నాడట. అక్క నన్ను పిలిపించింది.

"ఏం జెయ్యమంటవే? నువ్వెట్లంటె గట్ల."

"రానియ్యక్కా," అన్నాను.

"వస్తె రానీ. కని తప్పయిందని ఒక్కమాట అనాలె. గదంటె చాలు, నేను ఏం అడుగ."

అప్పుడు కూడా నేను ఆమె ఎదురుగానే ఉన్నాను. ఇంట్లో మేమిద్దరమే. ఇంకేం కావాలి చెప్పడానికి?

బావ ఆటోలో వచ్చాడు. వాళ్ల చెల్లె కొడుకు పట్టుకుని దింపాడు. జుట్టంతా తెల్లబడింది. గడప దగ్గర ఆగాడు, అక్క పెట్టిన షరతు ఎవరో చెప్పి పంపినట్టున్నారు. అక్క లోపల నిలబడి ఎదురుచూస్తోంది. నేను ఆమె పక్కన నీళ్ల గ్లాసు పట్టుకుని ఉన్నాను. బావ అక్కను చూశాడు.

"తప్పయింది సులోచనా," అన్నాడు.

ఏ తప్పూ చేయని మనిషి, తన ఇంట్లోకి తాను రావడానికి, చేయని తప్పు ఒప్పుకున్నాడు. చేసిన నేను పక్కనే నిలబడి ఆయనకు నీళ్లిచ్చాను. అక్క కళ్లు తుడుచుకుని ఆయన చెయ్యి పట్టుకుని మంచం దాకా నడిపించింది. టీ పెట్టడానికి లోపలికి పోయింది. అప్పుడు బావ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. మాట కొంచెం ముద్దగా వస్తోంది. అయినా స్పష్టంగానే విన్నాను.

"నువ్వు ఎల్లారెడ్డిల్నే ఉంటవు గదా. రజిత పాప పెద్దగై ఉంటది. గోలీలు మింగుతుందా మరి? బంద్ వెట్టొద్దని చెప్పిండె డాక్టరు."

ఆయనకు ఎవరూ చెప్పలేదు. పదకొండేళ్లు ఆ పాప ఎక్కడో బతికే ఉందనుకున్నాడు. తాను పడిందంతా ఆ పాప బాగుండటానికేనని అనుకుని ఉంటాడా? అలా అనుకునే నిలబడ్డాడా?

"మింగుతుంది బావా. మంచిగున్నది," అన్నాను.

ఇది నా రెండో అబద్ధం. ఆయన నవ్వాడు. కళ్లు మూసుకున్నాడు. అక్క టీ తెచ్చింది.

ఆ నవ్వు చూసిన తర్వాత నేను సరిగా పని చేయలేకపోతున్నాను. నిన్న ఒక పట్టు జాకెట్ తప్పు కత్తిరించాను. ఇవాళ మధ్యాహ్నం దుకాణం మూసి ఈ కాగితాలు ముందు పెట్టుకున్నాను. వీటిని అక్కకు ఇస్తానని ఒకసారి రాసి కొట్టేశాను. నా మాట మీద నాకే నమ్మకం లేదు. ఇస్తే ఏమవుతుంది? అక్కకు ఇన్నేళ్ల తన బతుకు ఏమైపోయినట్టు? బావకు ఆ నవ్వు ఉండదు. రజితకు పాప రాదు. ఇవ్వకపోతే, ఆయన తన ఇంట్లోనే క్షమించబడిన మనిషిలా ఒక మూల బతికి పోతాడు. రెండూ నా చేతిలోనే ఉన్నాయి. ఇలాంటివి నా చేతిలో ఉండకూడదు.

మీరు నన్ను క్షమిస్తారా అని అడగడం లేదు. అది మీ పని కాదు, మీది పోయిందేమీ లేదు. ఇంకెవరిని అడగాలో వాళ్ల ముందుకు పోవడానికి నాకు కాళ్లు రావడం లేదు. అందుకే ఆ రోజు బావ అడిగినదానికి నేను ఇవ్వాల్సిన జవాబు ఇక్కడైనా రాస్తున్నాను.

పాప లేదు బావా. గోలీలు ఆగిపోయినయి. పాప కాలువలో పడి చనిపోయింది. బండి మీంచి పాపను తీసేసి, నిన్ను, రజితను మాత్రమే అక్కకు చూపించింది నేనే. పాపకు ఫిట్స్ అని నీకంటే ముందు నాకే తెలుసు. తెలిసి, తెలియదన్నాను. నీ తప్పు ఏమీ లేదు. చేసింది నేను.

రాసేశాను. బయట ఎవరో షట్టర్ తడుతున్నారు, కొలత ఇవ్వడానికి కాబోలు. కాసేపు తీయను. ఊపిరి చాలా ఏళ్ల తర్వాత లోపలిదాకా పోయి వస్తోంది.